జేబుకు సరిపోయే రివాల్వరు ఏది?

తుపాకీ లైసెన్సు సంపాదించడం ఒక ఎత్తు, తగిన ఆయుధాన్ని ఎంచుకోవడం ఒక ఎత్తు. తహశీల్దారు కార్యాలయం, పోలీసు స్టేషను, కలెక్టరు కచేరీ – ఈ మూడింటి చుట్టూ నెలల తరబడి తిరిగి చివరకు లైసెన్సు చేతికి తీసుకున్న మనిషి మరునాడే పట్నం బస్సెక్కుతాడు. ఆయుధాల దుకాణంలో అద్దాల బీరువాలో ఉన్న నాలుగైదింటిలో చూడముచ్చటగా ఉన్నదో, అన్నింటికన్నా చవకైనదో చూసి డబ్బు కట్టేస్తాడు. అదే మనిషి ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించి మరీ చూస్తాడు. ఎద్దుల జత ఖరీదు చేసే ఈ వస్తువును మాత్రం అయిదు నిమిషాల్లో తేల్చేస్తాడు.

ఎద్దు కుదరకపోతే మళ్లీ సంతకు తోలుకుపోవచ్చు. రివాల్వరు విషయంలో ఆ వెసులుబాటు లేదు. మరొకరికి అమ్మాలంటే కొనే వ్యక్తికి కూడా లైసెన్సు ఉండాలి. ఆ సంగతి జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి పోలీసు స్టేషనుకో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. కనుక ఎంపిక మొదటిసారే సరిగా జరగడం మేలు.

ఉదాహరణకు అనంతపురం జిల్లాలో ఒక వేరుశనగ మిల్లు యజమాని ఉన్నాడనుకోవచ్చు. వయసు 50 దాటింది. కాయ సీజనులో నగదు పట్టుకుని పల్లెలు తిరగాలి, చీకటి పడ్డాక ఒంటరిగా ఇల్లు చేరాలి. ఇప్పుడు డబ్బు చాలావరకు ఫోన్ల మీదనే చేతులు మారుతున్నది గాని, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడితే తప్ప మూటకు చేయి వేయనివ్వని రైతులు ఇంకా ఉన్నారు. ఇంట్లో భార్య, కొడుకు, కోడలు, ఆరేళ్ల మనవడు. ప్రాణానికి ముప్పున్నదని అధికారులు నమ్మి ఆయనకు లైసెన్సు ఇచ్చారు. ఇది అడిగిన వారందరికీ దొరికేది కాదు. పంటకు అడవి పందుల బెడద ఉన్నదని లైసెన్సు కోరే రైతు సంగతి వేరు. అతనికి పొడుగు తుపాకీ కావాలి గాని నడుముకు కట్టుకునే ఆయుధంతో పని లేదు.

మిల్లు యజమానికి కావలసింది రోజూ వెంట ఉంచుకోవడానికి అనువైనది, చొక్కా కింద పైకి కనబడనిది, ఖరీదు తట్టుకోగలిగినది. ఈ మూడు గుణాలూ ఒకే దానిలో దొరకడం కష్టం. నాలుగో గుణం ఒకటున్నది. ఇంట్లో ఉన్నంతకాలం ఇంట్లోవారి ప్రాణం తీయనిదై ఉండాలి. దుకాణంలో నిలబడినప్పుడు చాలామందికి గుర్తుకు రానిది ఇదే.

బజారులో ఉన్నవే కొన్ని

అమెరికాలో ఇలాంటి మనిషి దుకాణానికి పోతే వందల రకాలు ముందు పరుస్తారు. అక్కడ చిన్న పిస్తోళ్లలో ఎక్కువగా అమ్ముడుపోయేది 9 మిల్లీమీటర్ల రకం. మన దేశంలో అది మామూలు లైసెన్సుకు అందదు. 9 మి.మీ., .38 వంటివి నిషిద్ధ బోర్ల కింద పోలీసులకు, సైన్యానికి పరిమితమైనవి. 1959 నాటి ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్నది. దాని కింద సామాన్యునికి చేతి ఆయుధాలలో మిగిలేవి ముఖ్యంగా .32, .22 బోర్లు.

పైగా 1980ల మధ్య నుంచి ప్రయివేటు వ్యక్తులు విదేశీ ఆయుధాలు దిగుమతి చేసుకోవడానికి వీలులేకుండా పోయింది. అంతకుముందు వచ్చిన వాల్తర్, బ్రౌనింగ్, స్మిత్ అండ్ వెసన్ వంటివే చేతులు మారుతూ వస్తున్నాయి. ఏ వస్తువైనా పాతబడితే ధర తగ్గుతుంది. ఇవి మాత్రం పాతబడిన కొద్దీ పెరిగాయి. వాటి మోజులో పడితే మిల్లు యజమాని కాయ కొనడానికి పెట్టుకున్న డబ్బు కూడా దానికే చాలదు. వాటిని పక్కన పెట్టడమే మంచిది.

ఇక మిగిలినవి దేశంలో తయారయ్యేవి. వీటిలో అధిక భాగం ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలవి. 2021 అక్టోబరు 1న ఆ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడదీశారు. చేతి ఆయుధాలు ఇప్పుడు కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ కిందకు వస్తాయి. పాత బ్రిటిష్ పేరయిన వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్లు కూడా ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్ జిల్లా సండీలాలో తయారవుతున్నాయి. గిరాకీ ఎక్కువగా ఉన్నది కూడా ఆ రాష్ట్రంలోనే. 2016 చివరి నాటికి దేశం మొత్తం మీద 33 లక్షల 69 వేల లైసెన్సులుంటే, అందులో 12 లక్షల 77 వేలు ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనివే.

2014 జనవరిలో కాన్పూరు నుంచి 'నిర్భీక్' అనే రివాల్వరు వచ్చింది. .32 బోరు, ఆరు తూటాలు, బరువు 500 గ్రాములు. ఢిల్లీలో 2012 డిసెంబరులో జరిగిన ఘోరం తరువాత స్త్రీల ఆత్మరక్షణకంటూ దీన్ని విడుదల చేశారు. ధర 1 లక్షా 22 వేల రూపాయల పైచిలుకు పెట్టారు. రాత్రి డ్యూటీ ముగించుకుని బస్సు కోసం నిలబడే నర్సుకు ఆ ధర ఏ విధంగా అందుతుందో ఎవరూ చెప్పలేదు. ఆ తరువాత బెంగాలులోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం 'నిడర్' పేరుతో .22 బోరు రివాల్వరు తెచ్చింది. బరువు 250 గ్రాములే, అంటే పావు కిలో. అప్పట్లో ధర 35 వేల రూపాయల ప్రాంతంలో ఉండేది. పిస్తోళ్లలో .32 బోరు 'అశని' ప్రభుత్వ కర్మాగారాల సరుకే. 2023 ఆగస్టులో కాన్పూరు నుంచి 'ప్రబల్' వచ్చింది. దీని బరువు తూటాలు కాక 700 గ్రాములు, గొట్టం 76 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 177.6 మిల్లీమీటర్లు, అంటే జానెడు లోపే. పాత కాన్పూరు రివాల్వర్లలో తూటాలు పెట్టాలంటే ఆయుధాన్ని మధ్యకు విరిచినట్లు వంచాలి. ప్రబల్‌లో తూటాల చక్రం పక్కకు తెరుచుకుంటుంది.

ధరలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక దుకాణంలోనే అడిగి తెలుసుకోవాలి. పన్ను సంగతి మాత్రం మరువరాదు. రివాల్వర్లు, పిస్తోళ్ల మీద జీఎస్టీ ఇదివరకు నూటికి 28 ఉండగా, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 అయింది. అంటే లక్ష రూపాయల ఆయుధం మీద పన్నే 40 వేలు. దుకాణదారు చెప్పే ధర పన్నుతో కలిపినదా, విడిగానా అని ముందే తేల్చుకోని వారు బేరం కుదిరాక తెల్లముఖం వేయవలసి వస్తుంది.

రివాల్వరా, పిస్తోలా?

అసలు తేల్చుకోవలసింది ఇది. లైసెన్సు దరఖాస్తులోనే ఎలాంటి ఆయుధం కావాలో రాయాలి కనుక, ఆలోచన అంతకుముందే మొదలుకావాలి.

రివాల్వరులో తూటాలు గుండ్రటి చక్రంలో ఉంటాయి. సాధారణంగా ఆరు. ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా చక్రం ఒక మెట్టు తిరిగి కొత్త తూటా సుత్తి ముందుకు వస్తుంది. పిస్తోలులో తూటాలు పిడి లోపల ఉండే మేగజైనులో ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. పై భాగాన్ని వెనక్కు లాగి వదిలితే మొదటి తూటా మేగజైను నుంచి గొట్టం మొదట ఉండే గదిలోకి ఎక్కుతుంది. అది పేలగానే డొల్ల బయటకు ఎగిరిపోయి, మరో తూటా దానంతటదే గదిలోకి వస్తుంది.

పిస్తోలు పలచగా ఉంటుంది. చొక్కా కింద ఉబ్బెత్తుగా కనబడదు. తూటాలు ఒకటి రెండు ఎక్కువే పడతాయి. రివాల్వరు చక్రం దగ్గర లావుగా ఉండి డొక్కలో గుచ్చుకుంటుంది. ఇంతవరకు చూస్తే పిస్తోలే మేలనిపిస్తుంది. దుకాణాలలో కుర్రవాళ్ల చూపు దానిమీదనే.

అయితే గండం ఒకటున్నది. మేగజైను తీసినంత మాత్రాన పిస్తోలు ఖాళీ అయిపోదు. అప్పటికే గదిలోకి ఎక్కిన తూటా అక్కడే ఉండిపోతుంది. పైనుంచి చూస్తే తెలియదు. మేగజైను చేతిలోకి వచ్చింది, అందులో తూటాలు కనబడుతున్నాయి, కనుక పిస్తోలు ఖాళీ అనుకుని బల్లమీద పెడతారు. తుడవబోతూ ఒకరు, చూడబోతూ ఒకరు ట్రిగ్గరు తాకుతారు. లోకంలో ఎన్ని దేశాలలో పిస్తోళ్లున్నాయో అన్ని దేశాలలోనూ ఇదే పొరపాటుతో మనుషులు చనిపోయారు. చంపినవాడూ ఇంట్లోవాడే, చనిపోయినవాడూ ఇంట్లోవాడే.

ఖాళీ చేసే క్రమం కూడా తారుమారు కాకూడదు. మొదట మేగజైను తీయాలి. తరువాతే పై భాగాన్ని వెనక్కు లాగి గదిలోని తూటాను బయట పడేయాలి. వెనక్కు లాగి పట్టుకుని గదిలోకి కంటితో చూడాలి, చీకట్లోనైతే చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. ఇదే పనిని ముందుది వెనుక చేస్తే, అంటే పై భాగం ముందుగా లాగి తూటా పడేసి ఆ తరువాత మేగజైను తీస్తే, ఒక తూటా బయట పడిన మాట నిజమే గాని మేగజైనులోని మరొకటి గదిలోకి ఎక్కి కూర్చుంటుంది. బయటపడిన తూటాను చూసి నిశ్చింతగా ఉన్న మనిషి చేతిలో అప్పుడు నిండు పిస్తోలు ఉన్నది. రోజూ అదే పనిలో ఉండే పోలీసుకూ సిపాయికీ ఇది చేతి అలవాటుగా వస్తుంది. సీజనుకు నాలుగుసార్లు బయటకు తీసే మిల్లు యజమానికి, అలసి ఇంటికి వచ్చిన రాత్రి పదకొండు గంటలకు, ఈ క్రమం తప్పకుండా గుర్తుంటుందని ఎవరు చెప్పగలరు?

రివాల్వరులో ఈ దాపరికం లేదు. చక్రం తెరిస్తే ఆరు కన్నాలూ ఎదుటనే ఉంటాయి. నిండి ఉన్నదో, ఖాళీయో చదువురానివారు కూడా ఒక్క చూపులో చెప్పగలరు. తూటా ఒకటి పేలకపోయినా మళ్లీ ట్రిగ్గరు నొక్కితే చాలు, తరువాతి తూటా ముందుకు వస్తుంది. పిస్తోలులో తూటా పేలకపోయినా, డొల్ల ఇరుక్కున్నా రెండో చేతితో పై భాగాన్ని లాగి సరిచేయాలి. భయంతో చేతులు వణికే సమయంలో అది తేలిక కాదు. కనుక ఎప్పుడో గాని ఆయుధం ముట్టని గృహస్థుకు కాస్త లావుగా ఉన్నా, ఒకటి రెండు తూటాలు తక్కువైనా రివాల్వరే తగినదని చెప్పాలి. వారానికి ఒకసారైనా శిక్షణ శిబిరంలో సాధన చేసే ఓపిక ఉన్నవారు పిస్తోలు జోలికి పోవచ్చు.

ఒకే అంకె, రెండు తూటాలు

.32 అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని .32 తూటాలూ ఒకటి కావు. రివాల్వరు తూటా పొడవుగా ఉండి, అడుగున అంచు బయటకు వచ్చి ఉంటుంది. పిస్తోలు తూటా పొట్టిది. దానినే 7.65 మి.మీ. అని కూడా అంటారు. రివాల్వరు తూటా పొడవు వల్ల పిస్తోలు మేగజైనులో పట్టదు, కనుక అక్కడ పొరపాటు వెంటనే తెలిసిపోతుంది. పిస్తోలు తూటా మాత్రం కొన్ని రివాల్వర్ల చక్రంలోకి దూరుతుంది. దాని ఒత్తిడి రివాల్వరు తూటా కన్నా ఎక్కువ. పాతబడిన రివాల్వరులో దాన్ని పేలిస్తే ఆయుధమే చెడవచ్చు, చేయి కూడా పోవచ్చు. తూటాలు కొనేటప్పుడు ".32వి ఇవ్వండి" అని ఊరుకోక, ఆయుధం పేరు చెప్పి, డబ్బా మీద ఏమి రాసి ఉన్నదో చదివించుకోవాలి. పూణే దగ్గర ఖడ్కీ కర్మాగారం రెండు రకాలూ చేస్తుంది. డొల్ల అడుగున కె.ఎఫ్. అక్షరాలు ఉంటాయి.

ఎన్ని తూటాలు కొనవచ్చునో, ఒకేసారి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చునో లైసెన్సులోనే రాసి ఉంటుంది. కొన్న ప్రతి తూటాకూ, వాడిన ప్రతి తూటాకూ లెక్క ఉండాలి.

తేలికైతే మేలా?

రోజూ మోయవలసిన వస్తువు తేలికగా ఉంటే హాయి అనిపించడం సహజం. పావు కిలో నిడర్ జేబులో ఉన్న సంగతే తెలియదు. 700 గ్రాముల ప్రబల్ సాయంత్రానికి నడుము లాగేస్తుంది. కాని పేలేటప్పుడు లెక్క తిరగబడుతుంది. తూటా ముందుకు పోయే బలమే ఆయుధాన్ని వెనక్కు తన్నుతుంది. బరువైన ఆయుధం ఆ తన్నును తనలో ఇముడ్చుకుంటుంది, తేలికది చేతిలో ఎగిరిపడుతుంది. .22 తూటా చిన్నది కనుక పావు కిలో ఆయుధంలోనూ ఇబ్బంది లేదు. అయితే దాని దెబ్బ కూడా చిన్నదే. ఈ రెంటికీ నడుమ అరకిలో బరువుండే .32 రివాల్వరు చాలామందికి మధ్యేమార్గంగా కుదురుతుంది. చేయి పెద్దదై, అరచేయి గట్టిదైన వారికి 700 గ్రాములది పట్టు బాగా చిక్కుతుంది.

దుకాణంలో పరీక్షించి చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఖాళీ ఆయుధాన్ని దుకాణదారు చేతనే తెరిపించి, ఖాళీగా ఉన్నదని కళ్లతో చూసిన తరువాత పట్టుకోవాలి. చిటికెన వేలు పిడి మీద నిలుస్తున్నదా, కిందకు జారిపోతున్నదా చూసుకోవాలి. ట్రిగ్గరు చివరిదాకా నొక్కడానికి చూపుడు వేలిలో బలం చాలుతున్నదా? రివాల్వరు ట్రిగ్గరు బిగువుగా ఉంటుంది. పిల్లల విషయంలో ఆ బిగువు కొంత మేలే గాని, కీళ్ల నొప్పులున్నవారికి కష్టం. పిస్తోలైతే పై భాగం వెనక్కు లాగడానికే మణికట్టు బలం కావాలి. ఇక చత్వారం వచ్చినవారు గొట్టం కొసన ఉండే గురి బొడిపె తమ కంటికి ఆనుతున్నదో లేదో తప్పక చూసుకోవాలి. మిల్లు యజమాని వయసువారికి అది మసకగా కనబడుతుంది. చదువుకునే కళ్లద్దాలతో దూరం ఆనదు, దూరపు అద్దాలతో బొడిపె ఆనదు.

ఇన్ని చూసినా, కొన్న ఖర్చుతో పని ముగియదు. 2016 జులైలో వచ్చిన ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు కోరేవారు ఆయుధాల భద్రత మీద శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం చూపాలి. దాన్ని కాగితం కోసమే పుచ్చుకునేవారికి ఆయుధం వల్ల రక్షణ కన్నా ముప్పే ఎక్కువ. పొట్టి గొట్టం ఆయుధంతో గురి కుదరడం సినిమాల్లో చూపినంత సులువు కాదు. చేయి వెంట్రుకవాసి కదిలినా పది బారల దూరంలో తూటా మనిషిని తప్పి వెనకనున్న వారి దగ్గరకు పోతుంది. తలుపు చెక్క, తడిక గోడ దానికి అడ్డు కావు. సాధన ఎక్కడంటే అక్కడ, పొలం గట్టున, చెరువు కట్ట మీద చేయరాదు. దానికి ఏర్పాటైన రైఫిల్ క్లబ్బులు, శిబిరాలు ఉన్నాయి. బడ్జెటు వేసుకునేటప్పుడు ఏటా తూటాలకు, క్లబ్బు రుసుముకు కొంత విడిగా పెట్టుకోలేనివారు ఆయుధం చవకగా దొరికిందని సంతోషించడంలో అర్థం లేదు.

తాతల నాటి తుపాకీ

కొన్ని ఇళ్లలో కొత్తది కొనే పని లేకుండా తండ్రిదో, తాతదో రివాల్వరు ఉంటుంది. లైసెన్సుదారు చనిపోయాక దాన్ని బీరువాలో పెట్టి ఊరుకుంటే నేరమవుతుంది. పోలీసు స్టేషనులో గాని లైసెన్సు ఉన్న దుకాణంలో గాని జమచేసి, వారసులు తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి. లైసెన్సుదారు బతికి ఉండగానే 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు తన దగ్గర ఉన్నా, వారసునికి ఇచ్చేందుకు 2016 నియమాలలో వీలున్నది. లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకుంటే 2019 సవరణ తరువాత శిక్ష 2 నుంచి 5 ఏళ్ల వరకు ఉన్నది. అంతకుముందు ఇది 1 నుంచి 3 ఏళ్లు. అదే సవరణతో ఒక మనిషి ఉంచుకోగల ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది.

పాత ఆయుధం, సెకండ్ హ్యాండుది తీసుకునేవారు మొదట శరీరం మీది నంబరు కాగితాల్లోని నంబరుతో సరిపోతున్నదో చూడాలి. గీకిన గుర్తులుంటే దాన్ని ముట్టకపోవడం మంచిది. చక్రాన్ని పట్టి కదిపితే వదులుగా ఆడరాదు. గొట్టం లోపల గుంటలు పడి ఉండరాదు. సుత్తిని వెనక్కు ఎత్తిపెట్టి బొటనవేలితో ముందుకు నెడితే జారిపడరాదు. చాలా పాత రివాల్వర్లలో కిందపడితే పేలకుండా ఆపే అమరిక ఉండదు. అలాంటి వాటిలో సుత్తి ఎదుటి కన్నం ఖాళీగా వదిలి అయిదు తూటాలే పెట్టుకోవడం పూర్వం నుంచి ఉన్న జాగ్రత్త.

ఒర, చొక్కా, చట్టం

లక్ష పెట్టి ఆయుధం కొని ఒర దగ్గర లోభించేవారున్నారు. వదులు ఒరలో పెట్టిన రివాల్వరు మోటారు సైకిలు గతుకుల్లో పడగానే జారిపోతుంది. పోయిన ఆయుధం దొంగ చేతికి చిక్కితే జవాబు చెప్పవలసింది లైసెన్సుదారే. ఒర ట్రిగ్గరును పూర్తిగా కప్పి ఉంచాలి. పంచె మొలలో, ప్యాంటు జేబులో తాళంచెవులతో పాటు పడవేయడం తగదు. తాళంచెవి ట్రిగ్గరులో ఇరుక్కుంటే చాలు. పైగా చేతి ఆయుధాన్ని బహిరంగ స్థలాలలో ఒరలోనే ఉంచాలని, బయటకు తీసి ఝుళిపించరాదని నియమాలే చెబుతున్నాయి. దారి విషయంలో, పంపుసెట్టు విషయంలో మాటా మాటా పెరిగినప్పుడు చొక్కా ఎత్తి చూపించినవాడు రక్షణ పొందినవాడు కాడు, లైసెన్సు పోగొట్టుకునేవాడు.

ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉన్నమాట నిజమే. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది కొనసాగింది. అయితే ప్రమాదాన్ని తప్పించుకోవడానికి అవసరమైనంత మేరకే బలం వాడాలి. డబ్బు సంచి లాక్కుని పారిపోతున్నవాని వీపు మీద కాల్చి, ఆత్మరక్షణ అని కోర్టును ఒప్పించడం బహు కష్టం.

పెళ్లి ఊరేగింపులో, జాతరలో ఉత్సాహంకొద్దీ గాలిలోకి కాల్చేవారికి 2019 సవరణ ప్రత్యేకంగా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పెట్టింది. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట దిగుతుంది కదా.

లైసెన్సు ఏ మేరకు చెల్లుతుందో కూడా చూసుకోవాలి. కాయల బేరానికి చెళ్లకెర, పావగడ పోయివచ్చే అనంతపురం వ్యాపారి లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే అయితే, సరిహద్దు దాటగానే అది చెల్లని కాగితమే. తిరుమల కొండపైకి లైసెన్సు ఉన్నా ఆయుధం తీసుకుపోనివ్వరు.

ఇంట్లో ఎక్కడ?

తలగడ కింద పెట్టుకోవడం సినిమా అలవాటు. బీరువాలో బట్టల మధ్య పెట్టడం ఇంటింటి అలవాటు. రెండూ మనవడికి తెలిసే చోట్లే. ఇనుప పెట్టెలో తాళం వేసి, తూటాలను వేరే చోట వేరే తాళంలో ఉంచి, రెండు తాళంచెవులూ లైసెన్సుదారు దగ్గరే ఉండాలి. రాత్రి ఇంటికి రాగానే చొక్కా విప్పకముందే ఈ పని చేయాలి. భోజనం చేసి చూద్దామనుకున్న రోజే పిల్లవాడు ఒరను బొమ్మ అనుకుంటాడు. రివాల్వరు ట్రిగ్గరు బిగువని పైన చెప్పినమాట నిజమే గాని, సుత్తి ఎత్తి ఉన్నప్పుడు ఆ బిగువు ఉండదు. ఆరేళ్ల పిల్లవాని వేలు కూడా దానికి చాలు. పిస్తోలు సంగతి సరేసరి.

తోలు ఒరలోనే ఉంచి పెట్టెలో పెట్టేస్తే చెమటను, తేమను పీల్చుకున్న తోలు ఇనుమును తుప్పు పట్టిస్తుంది. ఒరను విడిగా ఆరబెట్టి, ఆయుధాన్ని పొడిగుడ్డతో తుడిచి, తుపాకీ నూనె పలచగా రాయాలి. కొబ్బరి నూనె, ఆముదం రాసేవారున్నారు. అవి జిగురు కట్టి లోపలి భాగాలను పట్టేస్తాయి. ఎండాకాలం అంతా నడుముకు ఉండే ఆయుధానికి ఉప్పు చెమటే పెద్ద శత్రువు.

ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సు ఆయుధాలను పోలీసు స్టేషనులో జమచేయాలని ఆదేశాలు వస్తాయి. బ్యాంకు కాపలాదారుల వంటి కొందరికి మినహాయింపు ఉంటుంది గాని, వ్యాపారులకు సామాన్యంగా ఉండదు. ఆయుధం నంబరు, తూటాల లెక్క రాయించుకుని రసీదు పుచ్చుకోవాలి. ఫలితాలు వెలువడ్డాక తిరిగి ఇచ్చేది ఆ రసీదు చూసే. ఆ నెలా రెండు నెలలు మిల్లు యజమాని నగదుతో బయలుదేరాలంటే, చీకటి పడకముందే ఇల్లు చేరేలా చూసుకుని తోడుగా ఒక మనిషిని వెంటబెట్టుకోక తప్పదు.